స్టెప్నీకి ఒక సంతకం

మన ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 8

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు మా ఆడపడుచు కాలికి కాపలాగా వెళ్లి పందొమ్మిది రోజులైంది. చీలమండ కట్టు ఎప్పుడు విప్పుతారన్నారు? తను లేచి నడిచేదాకా మీరు అక్కడే ఉండాలని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. మీరు లేని లోటు ఇక్కడ రోజూ పొద్దున ఏడున్నరకి తెలుస్తోంది. "జడేదీ, డబ్బా ఏదీ, ఆ కాలికి ఆ బూటేమిటి" అనే గొంతు వినపడకపోయేసరికి మన పిడుగు నిన్న రెండు వేరువేరు బూట్లతో వేసవి క్లాసుకి వెళ్లొచ్చింది. తొమ్మిదేళ్లు నిండాయన్న మాటే గానీ, నానమ్మ లేకపోతే దాని కాళ్లు దానికే తెలియడం లేదు.

ఇదంతా ఫోన్లో చెప్పేస్తే పోయేది. కానీ ఫోన్లో ఎవరూ ఒక వాక్యం పూర్తి చెయ్యరు కాబట్టి ఇంట్లోవాళ్లు ఉత్తరాలే రాయాలని మీ రూలు. హెడ్మిస్ట్రెస్‌గా మీరు రిటైరై ఆరేళ్లయినా మీ రూళ్లు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. దీన్ని కూడా ఎర్రసిరాతో దిద్ది, మార్కులు వేసి తిప్పి పంపుతారని తెలిసే కుదురుగా రాస్తున్నాను.

మీ అబ్బాయి కులాసా. కళ్లద్దాల షాపుకి వచ్చినవాళ్లందరికీ చూపు సరిచేసి పంపిస్తున్నారు, ఇంట్లో ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా మాత్రం ఆయనకి కనిపించదు. నేను నేర్పించే డ్రైవింగ్ స్కూల్లో ఈ నెల ఏడుగురు కొత్తవాళ్లు చేరారు. అందులో ఒక బ్యాంకు మేనేజరుగారు కుడి అంటే ఎడమకి తిప్పుతారు. కారులో నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

అన్నట్టు, ఇంటికి ఒక చుట్టం వచ్చింది. కొన్నాళ్లు ఉండేలా ఉంది. మంచిది, మాట తక్కువ. పెట్టింది తింటుంది. ఇంకా కావాలని అడగదు, మన మొహం వంక చూస్తుందంతే. జుట్టు కాస్త ఎక్కువగా రాలుతోంది. మిగతా సంగతులు నెమ్మదిగా రాస్తాను.

పిడుగు ఏదో బొమ్మ వేసి, మడిచి, అంటించి మరీ ఇచ్చింది. ఇందులోనే పెడుతున్నాను.

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మేడ మీద వెనక గది
జూన్ 14

కోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం దిద్ది పంపుతున్నాను. దస్తూరికి ఏడు, విషయానికి ఆరు, సత్యానికి సున్నా.

చుట్టం అన్నావు, మాట తక్కువ అన్నావు. మీ మేనత్త కూతురు కాబోలు, ఆ పిల్లకి మాట తక్కువే పాపం అనుకున్నాను. నా గదిలో గాలి బాగా వస్తుంది కదా, అందులో పడుకోబెట్టమని రాయనా అని మీ ఆడపడుచుతో కూడా అన్నాను. ఆ తర్వాత పిడుగు పెట్టిన కాగితం విప్పాను.

నువ్వు ఆ బొమ్మ చూడకుండా కవరులో పెట్టావని వెంటనే అర్థమైంది. ముప్ఫై రెండేళ్లు పిల్లల కాగితాలు దిద్దినదాన్ని. పిల్లల బొమ్మల్లో కొలతలు తప్పుతాయి గానీ అబద్ధాలుండవు. అందులో ఒక మంచం ఉంది. తలవైపు రెండు చెక్క గుబ్బలు, ఒకటి విరిగింది. కిటికీకి నీలంపువ్వుల పరదా. మన ఇంట్లో గుబ్బ విరిగిన మంచం ఒక్కటే, అది నాది. దాని మీద మీ మేనత్త కూతురు నాలుగు కాళ్లు చాపుకుని పడుకుంది. తోక కూడా ఉంది. కింద "నానమ్మా, నీ దుప్పటి దీనికి నచ్చింది" అని రాసి ఉంది.

నాకు కుక్కలు పడవని ఆ ఇంటి గోడలకి కూడా తెలుసు. ఆగలేక నా రూలు నేనే తప్పి మీ ఆయనకి ఫోన్ చేశాను. "నాకేం అభ్యంతరం లేదమ్మా, నీకుంటే నాకూ ఉంటుంది" అన్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, గోడ మీద పిల్లి. ఇప్పుడా గోడ పక్కన కుక్కని కూడా తెచ్చిపెట్టారు.

ఇల్లంతా వెంట్రుకలు, వాసన, అడుగులు. అలాంటి ఇంట్లో అడుగుపెట్టడం నావల్ల కాదు. దాన్ని ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడికి పంపించండి.

మీ ఆడపడుచు కాలు ఇంకా నేల మీద ఆనడం లేదు. నేను లేకపోతే ఇక్కడ పొయ్యి కూడా వెలగదు.

అత్తయ్య

*

మన ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 19

అత్తయ్యగారికి నమస్కారాలు.

సున్నా ఒప్పుకుంటున్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ రాసిన ఉత్తరం అది. ఈసారి మొత్తం రాస్తాను, దాచను.

ఎవరికీ అక్కర్లేని కుక్కల్ని పెట్టుకుని చూసుకునే షెల్టరు ఒకటుంది కదా, దాని మేనేజరమ్మ నా దగ్గర డ్రైవింగు నేర్చుకుంటోంది. కారు వెనక్కి నడిపి ఆపడం నేర్పించడానికి వాళ్ల ఆవరణే బాగుంటుందని అక్కడికి వెళ్లాం. రివర్సు గేరు వేయించాను. అద్దంలో ఒక చెవి కనిపించింది. దిగి చూస్తే మేం కారు పెట్టాల్సిన చోటే ఒక గోధుమరంగు కుక్క కూర్చుని ఉంది. ఒక చెవి నిలబడి ఉంది, ఒకటి వాలిపోయి ఉంది. హారన్ కొట్టాం, కదల్లేదు. మిగతా కుక్కలన్నీ గొంతు చించుకుంటున్నాయి, ఇది మాత్రం కిక్కురుమనలేదు. కాస్త జరిపిద్దామని వెనక తలుపు తీశాను. జరగలేదు. కారెక్కి వెనక సీట్లో కూర్చుంది. ఎంత బతిమాలినా దిగలేదు.

ఇల్లు ఖాళీ చేసినవాళ్లు దీన్ని గొలుసుతో కట్టేసి వెళ్లిపోయారట. షెల్టర్లో పదకొండు నెలలుంది. రెండు కుటుంబాలు తీసుకెళ్లి మళ్లీ తెచ్చి వదిలేశాయి. మూడోసారి కూడా అలా జరిగితే ఇంకెవరూ తీసుకోరని మేనేజరమ్మ చెప్పింది. అది విన్నాక నేను దింపలేకపోయాను.

వాళ్ల పద్ధతి ఏమిటంటే, తొంభై రోజులు మన దగ్గర ఉంచి చూస్తారు. సెప్టెంబరు ఒకటిన మేనేజరమ్మ ఇంటికొచ్చి అంతా చూసి, ఉంచాలో తీసుకుపోవాలో తేలుస్తుంది. దానికి ఒక ఫారం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లందరూ అభ్యంతరం లేదని సంతకం చెయ్యాలి. ఒక్క సంతకం తక్కువైనా ఇవ్వరు. మీ అబ్బాయిదీ నాదీ అయ్యాయి. మూడో గీత మీది. ఫారం ఇందులో పెడుతున్నాను. పంపమంటే పంపేస్తాను అత్తయ్యగారూ, మీ మాట కాదని ఉంచను. కానీ పంపమనే ముందు ఒకసారి ఆలోచించండి.

మీ గదిలోకి అదే వెళ్లింది, మేం పెట్టలేదు. ఇవాళ్టి నుంచి ఆ తలుపు వేసి ఉంటుంది. దుప్పటి రెండుసార్లు ఉతికాను.

పిడుగు దానికి స్టెప్నీ అని పేరు పెట్టింది. మనం నలుగురం నాలుగు చక్రాలట, ఇది ఐదోది. ఆడపడుచు కాలెలా ఉంది?

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మేడ మీద వెనక గది
జూన్ 27

కోడలికి ఆశీస్సులు.

సత్యానికి తొమ్మిది. దానితో మంచి మనసు వచ్చి సంతకం పెట్టేస్తానని అనుకోకు.

నాకు డ్రైవింగు రాదు గానీ స్టెప్నీ ఎప్పుడు తీస్తారో తెలుసు. ఒక చక్రం పక్కకి పోయినప్పుడు. నేను వచ్చేసిన పదిహేనో రోజున కుక్కొచ్చింది, నా గదిలోనే పడుకుంది, నా దుప్పటే కప్పుకుంది. పిడుగు తెలియక పెట్టినా పేరు బాగానే కుదిరింది. ఇంట్లో నా చోటు ఖాళీగా ఉంచడం మీకు ఒక్క నెల కూడా చేతకాలేదు. నాకు కష్టం వేసింది. వేసిందని రాస్తున్నాను.

ఫారం నా దిండు కింద ఉంది. అక్కడే ఉంటుంది.

అది ఎంత ఎత్తుంటుంది? మనుషుల మీదికి దూకుతుందా? మెట్ల దగ్గర ఎదురైతే తప్పుకుంటుందా, మనమే తప్పుకోవాలా? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. మీ ఆడపడుచు కాలు అలాగే ఉంది.

అత్తయ్య

*

మన ఇల్లు, వంటింటి బల్ల
జూలై 10

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు రాసిన ఆ పేరా నేను మూడుసార్లు చదివాను. మీ అబ్బాయికి కూడా చదివి వినిపించాను, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. అసలు మీరుంటే దీన్ని గేటు దాటనిచ్చేవారు కాదనీ, మీరు లేనప్పుడే తెస్తే తర్వాత ఎలాగో సర్దుకుపోవచ్చనీ దొంగబుద్ధితో ఆలోచించాను. తప్పు నాది. దానికి కుక్క మీద కోపం పెట్టుకోకండి.

మీ ప్రశ్నలకి జవాబులు. ఎత్తు మీ మోకాలికి కాస్త పైన. దూకదు. మెట్ల మీద ఎదురైతే అదే గోడకి అతుక్కుపోయి మనకి దారిస్తుంది. ఆ అతుక్కుపోవడం చూస్తే జాలేస్తుంది. మొన్న నేను వంటిల్లు ఊడుద్దామని చీపురు తీశాను. అంతే, బీరువా వెనక దూరి గంటన్నర బయటికి రాలేదు. కాళ్లు వణుకుతున్నాయి. ఎవరు కొట్టారో, ఎన్నాళ్లు కొట్టారో. ఇప్పుడు మీ అబ్బాయి అది పెరట్లో ఉన్నప్పుడు తలుపేసుకుని, దొంగతనంగా ఊడుస్తున్నారు.

ఇక దాని చదువు. నాతోపాటు రోజూ కారులో వస్తోంది. వెనక సీట్లో కూర్చుని పాఠాలన్నీ విని, అడక్కుండానే నేర్చేసుకుంది. కూర్చో అంటే కూర్చోదు, హ్యాండ్‌బ్రేక్ అంటే కూర్చుంటుంది. రివర్స్ అంటే వెనక్కి నడుస్తుంది. హారన్ అంటే ఒక్కసారి మొరుగుతుంది, అదీ సరిగ్గా ఒక్కసారే. పార్కులో నేను రివర్స్, రివర్స్ అని అరుస్తుంటే జనం నన్ను చూసి పిల్లల్ని పక్కకి లాక్కుంటున్నారు.

నా శిష్యులు కూడా బాగుపడ్డారు. వెనకాల నిశ్శబ్దంగా ఒక ప్రాణి చూస్తుంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతున్నారు. బ్యాంకు మేనేజరుగారికి కుడి ఎడమలు తెలిశాయి. ఆడపడుచు కట్టు విప్పారా? ఏమీ రాయలేదు.

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మేడ మీద వెనక గది
జూలై 19

కోడలికి ఆశీస్సులు.

దొంగబుద్ధి అని నీ అంతట నువ్వే రాశావు కాబట్టి ఈసారి మార్కులు వెయ్యడం లేదు. నువ్వు నిజం రాశాక నేను రాయకపోతే బాగుండదు. మీ మామగారికి కూడా చెప్పకుండా దాచిన సంగతి ఇది. మీ ఆయనకి చెప్పకు.

నా ఎడమ పిక్క మీద మచ్చ ఉంది చూశావా, మేకు గీరుకుందని అందరికీ చెబుతాను. మేకు కాదు. హెడ్మిస్ట్రెస్ అయిన కొత్తలో పొద్దున ప్రార్థన జరుగుతుంటే గేటులోంచి ఒక కుక్క వచ్చింది. ఆరువందల మంది పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. బెత్తం పట్టుకుని ఠీవిగా నేనే తోలడానికి వెళ్లాను. అది నా పిక్క పట్టుకుంది. విడిపించుకుని పరిగెత్తి బల్ల ఎక్కాను. చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, బెత్తం పారేసి, బల్ల మీద నిలబడి కేకలు పెట్టాను. ఆరువందల మందీ నవ్వారు. పిల్లలు కదా, నవ్వరా మరి.

పుండు పది రోజుల్లో మానింది. భయం మాత్రం పోలేదు. ఇరవై ఏళ్లుగా కుక్క కనిపిస్తే రోడ్డుకి అటువైపు వెళ్లిపోతాను. శుభ్రం, వెంట్రుకలు, వాసన అన్నవన్నీ నేను కల్పించుకున్న సాకులు. భయమని చెప్పుకోవడం కంటే మడి కట్టుకున్నట్టు కనిపించడం సులువు.

అది బీరువా వెనక నుంచి వస్తోందా? చీపురు చూస్తే ఇంకా అలాగే ఉందా? దాన్ని కంగారు పెట్టొద్దని మీ ఆయనకి చెప్పు.

కాలు నెమ్మదిగా మానుతోంది.

అత్తయ్య

*

మన ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 16

అత్తయ్యగారికి నమస్కారాలు.

నెల్లాళ్లుగా ఉత్తరం రాయలేదు, క్షమించండి. బాగుందని రాయడానికి లేదు, బాగాలేదని రాయబుద్ధి కాలేదు. మీ మచ్చ సంగతి నా దగ్గరే ఉంది. ఆ ఉత్తరం చదివి ముందు నవ్వాను, ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను.

బ్యాంకు మేనేజరుగారి లైసెన్సు పరీక్ష జరిగింది. స్టెప్నీ వెనక కూర్చుంటే తప్ప స్టీరింగు ముట్టుకోనని ఆయన పట్టుబట్టారు. నేనూ సరేనన్నాను, అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. పరీక్ష పెట్టే ఆఫీసరు ముందు సీట్లో కూర్చున్నారు. కుక్కని చూసి ఏమీ అనలేదు, మంచివారే. వంతెన దిగి గుడ్డి మలుపు దగ్గరికి రాగానే ఆయన "హారన్" అన్నారు.

మేనేజరుగారు హారన్ నొక్కేలోపే స్టెప్నీ తన బాధ్యత తను నెరవేర్చింది. ఆఫీసరుగారి చెవికి జానెడు దూరంలో. ఆయన కళ్లద్దాలు కిటికీలోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాయి, వెనకొచ్చే లారీ వాటి మీద నుంచి వెళ్లిపోయింది. మీ అబ్బాయి కొత్తవి చేసిచ్చారు. మేనేజరుగారు పాసయ్యారు కూడా, కంగారులో సరిగ్గా బ్రేకు వేసినందుకు. కానీ మా స్కూలు ఓనరు ఇక కుక్క కారెక్కడానికి వీల్లేదన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను.

కష్టం ఇక్కడే వచ్చింది. రోజులో నాలుగు గంటలకి మించి కుక్కని ఒంటరిగా వదలకూడదని షెల్టరు వాళ్ల రూలు. పొద్దున ఎనిమిదిన్నరకి నేనూ మీ అబ్బాయీ పిడుగూ ముగ్గురం గడప దాటితే మళ్లీ ఇంటికొచ్చేది ఐదుకి. షాపు నిండా గాజు సామాను, అక్కడికి తీసుకెళ్లలేరు. సాయంత్రం బ్యాచీలకి మారతానని ఓనర్ని అడిగాను, కుదరదన్నారు. మొన్న ఒక్కరోజు సెలవు దొరక్క ఇంట్లో వదిలి వెళ్తే, వచ్చేసరికి గుమ్మం దగ్గరే పొద్దున ఎలా కూర్చుందో అలాగే ఉంది. గిన్నెలో నీళ్లు కూడా ముట్టలేదు. ఖాళీ ఇల్లంటే దానికి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు.

మేనేజరమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫారంలో పగటిపూట బాధ్యత ఎవరిదని ఒక గడి ఉంది, అది ఖాళీగా ఉంటే ఒకటో తారీఖున తీసుకుపోతానంది. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే అంది. కాబట్టి మీ సంతకం గురించి ఇక ఆలోచించకండి. పిడుగుకి ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అమ్మని అడుగుదామా అన్నారు మీ అబ్బాయి. వద్దన్నాను. అక్కడ మీ అవసరం ఉంది. పైగా మీరు రాసింది చదివాక, మిమ్మల్ని దానితో పాటు ఇంట్లో వదిలి వెళ్లడం నాకు మనసొప్పదు. ఆడపడుచు కాలికి ఇప్పుడెలా ఉంది?

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మేడ మీద వెనక గది
ఆగస్టు 20

కోడలికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మంచిది. తేవడం మీరే తేల్చుకున్నారు, పంపడం కూడా మీరే తేల్చుకున్నారు. నన్ను అడగాలా వద్దా అన్నది కూడా నన్ను అడక్కుండానే తేల్చేశారు. ఇంక నేను రాయడానికేముంది.

ఇక్కడ నాకు క్షణం తీరిక లేదు. కాలు అలాగే ఉంది.

అత్తయ్య

(అంచున, నీలం పెన్నుతో)
వదినా, పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది, అందుకే ఈ అంచున ఇరికిస్తున్నాను. నా కట్టు విప్పి ఐదు వారాలైంది. నిన్న బస్సు వెనక పరిగెత్తి ఎక్కాను కూడా. ఈ ఇంట్లో అమ్మకి పనే లేదు. వంటకి మాకో చార్టు ఉంటే దాన్ని రెండుసార్లు దిద్దింది, ఇంక దిద్దడానికి ఏమీ మిగల్లేదు. ఇంటికి వెళ్లవే అంటే "నన్నెవరు రమ్మన్నారు" అంటుంది. ఇంకో సంగతి. రోజూ నాలుగింటికి పక్కింటి గేటు దగ్గరికి వెళ్తోంది. వాళ్లకో ముసలి కుక్క ఉంది, పళ్లు కూడా లేవు. మొదట్లో రోడ్డుకి అవతలే నిలబడేది. తర్వాత ఇవతలికి వచ్చింది. ఈ వారం గేటు ఊచల్లోంచి బిస్కెట్టు అందిస్తోంది, రెండు వేళ్లతో, మొహం పక్కకి తిప్పుకుని. నేను చెప్పినట్టు తెలియనివ్వకు.

*

మన ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 23

అత్తయ్యగారికి నమస్కారాలు.

అడగకపోవడం మర్యాద అనుకున్నాను. మీ ఉత్తరం చదివాక అది మర్యాద కాదు, పొగరని తెలిసింది. ఇప్పుడు అడుగుతున్నాను. ఇంటికి రండి.

కుక్క కోసం రమ్మనడం లేదు. భయమైతే రెండో తారీఖున రండి, అప్పటికి అది వెళ్లిపోయి ఉంటుంది, ఇల్లు కడిగి ఉంచుతాను. భయం లేకపోతే ముందే రండి. ఎప్పుడొచ్చినా సరే, రండి. మూడు నెలలుగా ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనడం లేదు. పొద్దున్నే ఒకరితో గొడవ పడకుండా పనికి వెళ్తే నాకు ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టుంటోంది. పిడుగు లెక్కల్లో నాలుగు తెచ్చుకుంటే మీ అబ్బాయి "పర్లేదులే" అన్నారు. మీరుంటే ఆ మాట అననిచ్చేవారా?

మీరు లేకపోతే నాకు బాగాలేదు. ఇది ముందే రాయాల్సింది, కుక్క గురించి రాసిన కాగితాల్లో సగం దీనికి వాడాల్సింది.

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మేడ మీద వెనక గది
ఆగస్టు 26

కోడలికి ఆశీస్సులు.

ప్రతి ఉత్తరంలోనూ ఆడపడుచు కాలు ఎలా ఉందని అడిగేదానివి, ఈసారి అడగలేదు. ఎవరో చెప్పేశారన్నమాట. ఎవరు చెప్పారో కూడా తెలుసు, అడిగితే పైకి చూస్తోంది. సరే, నా సత్యానికి కూడా సున్నా వేసుకుంటున్నాను.

దిండు కింద నుంచి ఫారం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. "ఈ జంతువు ఇంట్లో ఉండటానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు" అని ఉంది, దాని కింద సంతకం పెట్టాలట. నాకు అభ్యంతరాలున్నాయి. మొత్తం ఏడు. వెనక పేజీలో నంబర్లు వేసి రాశాను. మొదటిది మంచం. అభ్యంతరం పెట్టుకుని లేదని సంతకం చెయ్యడం నాకు రాదు. ఆ వాక్యం కొట్టేసి, "ఉన్నాయి, అయినా ఉండనివ్వండి" అని రాసి సంతకం పెట్టాను.

రెండో పేజీలో నువ్వు వదిలేసిన ఖాళీ గడి ఉంది. పగటిపూట జంతువు బాధ్యత ఎవరిది అని. అందులో నా పేరు రాశాను. పక్కన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అని హోదా కూడా రాశాను.

ముప్ఫయ్యో తారీఖు పదకొండు గంటల బస్సుకి దిగుతాను. స్టాండుకి మీ ఆయన్ని పంపు. దాన్ని తీసుకురావొద్దు. మొదటిసారి చూడటం నలుగురి మధ్యా వద్దు, ఇంట్లోనే చూస్తాను.

అత్తయ్య

*

మన ఇల్లు, నా గది
సెప్టెంబరు 1, మధ్యాహ్నం

కోడలికి.

ఫోను వంటింట్లో ఉంది. నేను అక్కడికి వెళ్లే స్థితిలో లేను కాబట్టి, చేతికందిన పిడుగు నోటుబుక్కులో రాస్తున్నాను.

ఈ రెండ్రోజులూ మీరు ఉన్నారు, మధ్యలో కుర్చీ అడ్డం పెట్టుకుని గడిపాను. పొద్దున మీ ముగ్గురూ వెళ్లాక గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. అది తలుపు అవతల కూర్చుంది. ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఒక పుస్తకం తీసి రెండు గంటల్లో ఒక్క పేజీ చదివాను, అందులో ఏముందో గుర్తులేదు.

పదకొండింటికి మేనేజరమ్మ వచ్చింది. కారు తనే నడుపుకుంటూ వచ్చింది. గేటు పక్కన పూలకుండీ ఒకటి తగ్గింది, నీ శిష్యురాలు కాబట్టి నువ్వే కొను. బెల్లు మోగింది. వీధి తలుపు తియ్యాలంటే దాన్ని దాటుకుని వెళ్లాలి. గోడ పట్టుకుని, "నేను వస్తున్నాను, నువ్వు కదలకు" అని చెప్పి తలుపు తీశాను. చూద్దును కదా, అది ఎదుటి గోడకి అతుక్కుపోయి నాకు దారిచ్చింది. దాని కాళ్లు వణుకుతున్నాయి. నావీ వణుకుతున్నాయి. ఇద్దరం చెరో గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్లాం.

గోడ వదలని నా చేతులు చూసి మేనేజరమ్మ అడిగింది, "మీకు కుక్కలంటే భయమా అండీ" అని. భయమే అన్నాను. "మరి రోజంతా దీన్ని ఎలా చూసుకుంటారు" అంది. ముప్ఫై రెండేళ్లు బళ్లో పనిచేశానమ్మా, మొదటి రోజు భయపడని పిల్ల ఒక్కతీ రాలేదు, భయపడుతోందని ఎవర్నీ ఇంటికి పంపించలేదు అన్నాను. ఆవిడ నా ఏడు అభ్యంతరాలూ కూర్చుని చదివింది, ఐదోదానికి నవ్వింది, ముద్ర వేసి ఇచ్చింది. స్టెప్నీ ఇక మనదే. పిడుగుకి నువ్వు చెప్పకు, నేను చెబుతాను.

ఆవిడ వెళ్లాక గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఈసారి తలుపు వెయ్యలేదు. అది గుమ్మంలో ఆగి, చాలాసేపు చూసి, లోపలికి వచ్చింది. వచ్చి, మచ్చ ఉన్న కాలి మీదే తల పెట్టి పడుకుంది. రెండు గంటలైంది. కాలు తిమ్మిరెక్కి, ఉందో లేదో కూడా తెలియడం లేదు.

వీధి తలుపుకి లోపలి గడియ వేసి ఉంది. నువ్వు ఇది చదివేసరికి మీరంతా చాలాసేపు బయట నిలబడి ఉంటారు, మీ ఆయన విసుక్కుంటూ ఉంటాడు. ఎందుకు తియ్యలేదో తెలియాలని రాసి పెడుతున్నాను. అది లేస్తే గానీ నేను లేవను.

అత్తయ్య